శీతాకాలంలో ఫుట్‌బాల్ ఆగాలా? విరామం వెనక ఉన్న మ్యాచ్‌ల లెక్క

క్లుప్తంగా: ఐరోపా పెద్ద లీగుల్లో చాలావరకు క్రిస్మస్ సమయంలో పది రోజుల నుంచి మూడు వారాల దాకా ఆటకు సెలవిస్తాయి. ఇంగ్లండ్ ఇవ్వదు. 2020లో అక్కడ మొదలైన సగం విరామం కూడా 2024తో పోయింది. విరామం తీసుకునే జట్లలో గాయాల వల్ల పోయే రోజులు తక్కువని పరిశోధనలో తేలింది. అది విరామం చలవా, మొత్తం మీద తక్కువ మ్యాచ్‌లు ఆడటం చలవా అన్నది మాత్రం విడదీసి చెప్పడం కష్టం. క్యాలెండర్‌ను దగ్గరగా చూస్తే రెండోదానికే బలం ఎక్కువ కనిపిస్తుంది.

2025 డిసెంబర్ 26న ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో జరిగింది ఒకే ఒక్క మ్యాచ్. మాంచెస్టర్ యునైటెడ్ 1-0తో న్యూకాజిల్‌ను ఓడించింది. క్రిస్మస్ మర్నాడైన బాక్సింగ్ డే అంటే మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా వరసబెట్టి మ్యాచ్‌లు చూడటానికి అలవాటుపడ్డవాళ్లకు ఇది వింతగానే ఉంటుంది. ఇంగ్లండ్ కూడా చివరికి జర్మనీ దారి పట్టి ఆటగాళ్లకు సెలవులు ఇస్తోందేమో అనిపిస్తుంది.

జరిగింది అది కాదు. ఆ రోజు శుక్రవారం. మిగతా తొమ్మిది మ్యాచ్‌లు ఆ శని, ఆదివారాల్లోనే జరిగిపోయాయి. యూరోపియన్ టోర్నీలు పెరిగి, ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ రౌండ్లకు కూడా వారాంతాలు కేటాయించాల్సి వచ్చాక ప్రీమియర్ లీగ్ చేతిలో మిగిలినవి 33 వారాంతాలు. ప్రసార ఒప్పందాలు వారాంతాల లెక్కన నడుస్తాయి కాబట్టి శుక్రవారాన్ని పూర్తి రౌండ్‌గా మార్చే వీలు లేకపోయింది. 2026లో డిసెంబర్ 26 శనివారం పడుతుంది, అప్పుడు మళ్లీ మామూలు సందడే. అంటే ఆ ఖాళీ రోజుకు కారణం విశ్రాంతి కాదు, క్యాలెండర్‌లో ఇరుకు.

అదే సమయంలో జర్మనీలో డిసెంబర్ 21 తర్వాత జనవరి 9 దాకా అక్కడి అగ్రశ్రేణి లీగ్ బుందెస్‌లిగాలో మ్యాచ్ ఒక్కటీ లేదు.

ముందు మైదానం కోసం, తర్వాత మనిషి కోసం

శీతాకాల విరామం పుట్టింది ఆటగాళ్ల అలసట చూసి కాదు. మధ్య ఐరోపాలో, ఉత్తర ఐరోపాలో డిసెంబర్, జనవరిల్లో నేల గడ్డకట్టి రాయిలా మారుతుంది. అలాంటి మైదానం మీద పడితే ఎముక విరుగుతుంది, బంతి ఎటు ఎగురుతుందో తెలియదు, మంచు పడితే గీతలే కనిపించవు. ఆడలేకపోయారు కాబట్టి ఆపారు. ఎంతకాలం ఆపాలన్నది ఒక్కో దేశపు వాతావరణమే తేల్చింది. నార్వే, స్వీడన్, ఫిన్లండ్ చలికాలాన్ని పూర్తిగా వదిలేసి వసంతం నుంచి శరదృతువు దాకా సీజన్ నడుపుతాయి. రష్యా ఒకప్పుడు అదే పద్ధతిలో ఉండి, 2011-12లో మిగతా ఐరోపాతో కలిసింది. అలా కలిసినందుకు సీజన్ మధ్యలో దాదాపు మూడు నెలలు ఖాళీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆస్ట్రియా, డెన్మార్క్, పోలండ్‌లలో కూడా విరామం వారాల్లో కాదు, నెలల్లోనే.

తర్వాత మైదానం కింద వేడి గొట్టాలు వచ్చాయి. 1958లోనే ఎవర్టన్ క్లబ్ తన గుడిసన్ పార్క్ మైదానం కింద వేడి తీగలు పరిచి చూసింది. ఇప్పుడు ఇంగ్లండ్, జర్మనీ అగ్రశ్రేణి లీగుల్లో ఈ ఏర్పాటు తప్పనిసరి. అంటే విరామానికి ఉన్న అసలు కారణం అగ్రశ్రేణి వరకు దాదాపు తీరిపోయింది. జర్మనీ దాన్ని గుర్తించింది కూడా. ఒకప్పుడు ఆరు వారాలు ఉండే విరామాన్ని 2009-10 నుంచి మూడున్నర వారాలకు తగ్గించింది, ఇప్పుడది మూడు వారాల లోపే. ఇంకో చిత్రం ఏమిటంటే, మధ్య ఐరోపాలో చలి బాగా ముదిరేది జనవరి, ఫిబ్రవరిల్లో. సరిగ్గా ఆ చలిలోనే లీగ్ తిరిగి మొదలవుతుంది. కాబట్టి ఇవాళ్టి జర్మన్ విరామాన్ని వాతావరణం పేరుతో సమర్థించడం కుదరదు. అది పండగ సెలవు, కాస్త విశ్రాంతి, రెండో సగానికి సన్నాహం. కారణం పోయినా అలవాటు మిగిలింది. ఆ అలవాటుకు ఆటగాళ్ల ఆరోగ్యం అనే కొత్త కారణం దొరికింది.

స్పెయిన్, ఫ్రాన్స్ లాంటి చోట్ల మంచు బెడద అంతగా లేకపోయినా క్రిస్మస్, కొత్త సంవత్సరం మధ్య ఆగడం ఆనవాయితీ. స్కాట్లండ్ 2016-17లో జనవరి విరామాన్ని మళ్లీ తెచ్చుకుంది. ఈ మధ్య పెద్ద మార్పులు ఐరోపా బయట జరుగుతున్నాయి. జపాన్ జె-లీగ్ 2026-27 నుంచి ఆగస్టులో మొదలై వేసవి ఆరంభానికి ముగిసే క్యాలెండర్‌కు మారుతోంది. అమెరికా మేజర్ లీగ్ సాకర్ 2027లో మారుతుంది. రెండింటికీ మంచు కురిసే నగరాలున్నాయి కాబట్టి రెండూ డిసెంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి దాకా ఆగుతామని ముందే చెప్పేశాయి. అక్కడ విరామం విశ్రాంతి కోసం కాదు, కొత్త క్యాలెండర్‌కు చెల్లించే మూల్యం.

ఇంగ్లండ్ దారి ఎందుకు వేరు

ఇంగ్లండ్‌లో చలి ఉంటుంది గానీ సముద్రపు గాలి వల్ల నేల ఎక్కువ రోజులు గడ్డకట్టి ఉండదు. ఆటను ఆపాల్సిన అవసరం ప్రకృతి వైపు నుంచి రాలేదు. మరోవైపు పండగ సెలవుల్లో ఫ్యాక్టరీలు మూసి ఉండే రోజులే కార్మికులు మైదానానికి రాగలిగే రోజులు. రెండు క్లబ్బుల మధ్య జరిగిన తొలి మ్యాచ్‌గా చెప్పుకునే షెఫీల్డ్, హాలమ్ పోటీ కూడా 1860 డిసెంబర్ 26నే జరిగింది. చాలా ఏళ్లపాటు క్రిస్మస్ రోజున ఒక మ్యాచ్, మర్నాడు ఇంకొకటి ఆడేవారు. క్రిస్మస్ నాడు పూర్తి స్థాయి రౌండ్ చివరిసారి జరిగింది 1957లో.

1963 బాక్సింగ్ డే సంగతి అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అగ్రశ్రేణి డివిజన్‌లో పది మ్యాచ్‌లు, 66 గోల్స్. ఫుల్‌హామ్ 10-1తో ఇప్స్‌విచ్‌ను చిత్తు చేసింది. రెండు రోజులు తిరక్కుండానే అవే రెండు జట్లు మళ్లీ తలపడ్డాయి, ఈసారి ఇప్స్‌విచ్ 4-2తో గెలిచింది. ఇవాళ్టి ఫిట్‌నెస్ కోచ్‌కి ఆ షెడ్యూల్ చూపిస్తే గుండె ఆగినంత పనవుతుంది.

అంతకు ముందు చలికాలం మాత్రం ఇంగ్లండ్‌కు బలవంతపు విరామమే ఇచ్చింది. 1962-63లో దేశమంతా గడ్డకట్టుకుపోవడంతో ఎఫ్‌ఏ కప్ మూడో రౌండ్ పూర్తికావడానికి 66 రోజులు పట్టింది. మ్యాచ్ ఫలితాల మీద పందేలు కాసే పూల్స్ వ్యాపారం ఆగిపోకుండా, జరగని మ్యాచ్‌ల ఫలితాలను ఊహించి చెప్పే ఒక ప్యానెల్‌ను అప్పుడే పెట్టారు. ఆట ఆగినా ఆట చుట్టూ ఉన్న డబ్బు ఆగకూడదన్న ఆలోచన కొత్తదేం కాదు.

విదేశీ కోచ్‌లు వచ్చాక ఈ తేడా మీద ఫిర్యాదులు పెరిగాయి. ఇంగ్లండ్ జాతీయ జట్టు కోచ్‌గా స్వెన్ గోరాన్ ఎరిక్సన్ విరామం కావాలన్నాడు. మాంచెస్టర్ యునైటెడ్ కోచ్‌గా ఉండగా లూయీ వాన్ గాల్, విరామం లేకపోవడమే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ సంస్కృతిలో అన్నిటికన్నా చెడ్డ విషయమని తేల్చేశాడు. మాంచెస్టర్ సిటీ 2017 డిసెంబర్ 31న క్రిస్టల్ ప్యాలెస్‌తో ఆడి, జనవరి 2న వాట్‌ఫర్డ్‌తో ఆడాల్సి వచ్చింది. ప్యాలెస్ మ్యాచ్‌లో గాబ్రియెల్ జెసూస్ మోకాలికి గాయమై చాలా వారాలు దూరమయ్యాడు. ఆటగాళ్లను చంపేస్తున్నారంటూ అప్పటి సిటీ కోచ్ పెప్ గార్డియోలా మండిపడ్డాడు. ఇప్పుడు పండగ రోజుల్లో ప్రీమియర్ లీగ్ రౌండ్ల మధ్య కనీసం 60 గంటల ఎడం పాటిస్తున్నారు. కండరాలు పూర్తిగా కోలుకోవడానికి సాధారణంగా 72 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే కావాలి.

సగం విరామం, ఒక రీప్లే

ఒత్తిడి పెరిగాక 2018లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్‌ఏ, ప్రీమియర్ లీగ్, కింది స్థాయి లీగులను నడిపే ఈఎఫ్‌ఎల్ కలిసి ఒక ఒప్పందానికి వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో తొలి శీతాకాల విరామం. క్రిస్మస్ మ్యాచ్‌లను మాత్రం ముట్టుకోలేదు. ఒక రౌండ్‌లోని పది మ్యాచ్‌లను రెండు వారాంతాలకు పంచారు. కొన్ని జట్లు మొదటి వారం ఆడి రెండో వారం ఖాళీగా ఉంటాయి, మిగతావి మొదటి వారం ఖాళీగా ఉండి రెండో వారం ఆడతాయి. ప్రతి జట్టుకూ దాదాపు రెండు వారాల విశ్రాంతి దొరికినట్టే, టీవీలో మాత్రం ఏ వారాంతమూ ఖాళీ లేదు. ఏర్పాటు తెలివైనదే. ఆటగాళ్లకు సెలవు, ప్రేక్షకులకు సెలవు లేదు. ఎఫ్‌ఏ కప్ ఐదో రౌండ్‌ను వారం మధ్యకు నెట్టి, ఆ రౌండ్‌లో రీప్లేలు (డ్రా అయితే మళ్లీ ఆడే మ్యాచ్‌లు) ఎత్తేసి చోటు సంపాదించారు.

నాలుగో రౌండ్‌లో మాత్రం రీప్లేలు ఉండిపోయాయి. గండి పడింది అక్కడే. 2020 జనవరి 26న మూడో డివిజన్ జట్టు ష్రూస్‌బరీ తన మైదానంలో లివర్‌పూల్‌తో 2-2 డ్రా చేసుకుంది. రీప్లే తేదీ ఫిబ్రవరి 4, సరిగ్గా లివర్‌పూల్ సెలవు వారంలో. విరామాన్ని విరామంగా చూడమని తమకు ముందే చెప్పారు కాబట్టి తన మొదటి జట్టు ఆడదు, తానూ రానని అప్పటి లివర్‌పూల్ కోచ్ యుర్గెన్ క్లాప్ ప్రకటించాడు. అండర్-23 కోచ్ నీల్ క్రిచ్లీ కుర్రాళ్లతో బరిలో దిగాడు. లివర్‌పూల్ 1-0తో గెలిచింది.

పేదక్లబ్బును క్లాప్ అవమానించాడని కొందరన్నారు, మాట మీద నిలబడ్డాడని కొందరన్నారు. విశ్లేషణకు పనికొచ్చే విషయం వేరే ఉంది. లివర్‌పూల్ లాంటి క్లబ్‌కు ఆ రీప్లే తలనొప్పి. ష్రూస్‌బరీ లాంటి క్లబ్‌కు లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఒక రాత్రి ఆడితే గేటు వసూళ్లలో వచ్చే వాటా నెలల తరబడి జీతాలకు ఆసరా. పెద్ద క్లబ్ ఆటగాడికి దొరికే ఒక ఖాళీ వారం, చిన్న క్లబ్ ఖాతాలో ఒక ఖాళీ అంకె.

తర్వాత కథ త్వరగా ముగిసింది. 2020-21లో కరోనా వల్ల సీజన్ కుదించుకుపోయి విరామం లేదు. 2021-22లో ఉంది. 2022-23లో ఖతార్ ప్రపంచకప్ నవంబర్, డిసెంబర్‌లలో రావడంతో మళ్లీ లేదు. 2023-24లో జనవరిలో ఇచ్చారు. 2024-25 నుంచి పూర్తిగా తీసేశారు. దానికి బదులుగా సీజన్‌ను ఆగస్టు మధ్యలో మొదలుపెట్టి, ప్రీ-సీజన్‌కు ముందు కాస్త ఎక్కువ విశ్రాంతి వచ్చేలా చూశారు. అదే నిర్ణయంలో భాగంగా ఎఫ్‌ఏ కప్ ప్రధాన దశ రీప్లేలు మొదటి రౌండ్ నుంచే రద్దయ్యాయి. విరామం కోసమే రీప్లేలు పోవాలని ఏళ్ల తరబడి వాదన నడిచింది. చివరికి రీప్లేలూ పోయాయి, విరామమూ పోయింది.

గాయాల లెక్క ఏం చెబుతోంది

ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ 2001 నుంచి పెద్ద క్లబ్బుల గాయాల వివరాలు క్రమం తప్పకుండా సేకరిస్తోంది. ఆ పనికి స్వీడన్ వైద్యుడు యాన్ ఎక్‌స్ట్రాండ్ నాయకత్వం వహించాడు. ఆ సమాచారం మీద ఆధారపడి 2018లో వెలువడిన ఒక అధ్యయనం 56 ఐరోపా జట్లను పోల్చింది. విరామం లేని జట్లు విరామం ఉన్నవాటికంటే సీజన్‌కు సగటున 303 ఆటగాడి-రోజులు ఎక్కువగా గాయాలకు పోగొట్టుకుంటున్నాయని తేల్చింది. ఆటగాడి-రోజు అంటే ఒక ఆటగాడు గాయంతో దూరమైన ఒక రోజు. 25 మంది జట్టు అనుకుంటే తలా 12 రోజులు. లేదా, ఒక ఆటగాడు పది నెలలు అసలు లేనట్టు.

చిన్న అంకె కాదు. అయితే ఇదే అధ్యయనంలో అంతగా చర్చకు రాని ఇంకో సంగతి ఉంది. విరామం లేని జట్లలో గాయాల భారం జనవరి తర్వాతే కాదు, విరామానికి ముందు నెలల్లో కూడా ఎక్కువగానే ఉంది. డిసెంబర్ చివర్లో తీసుకోబోయే సెలవు అక్టోబర్ గాయాన్ని ఆపలేదు కదా. ఆ కాలంలో విరామం లేని పెద్ద లీగ్ అంటే ప్రధానంగా ఇంగ్లండే. కాబట్టి ఈ పోలిక విరామం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య జరిగినట్టు కనిపించినా, కొంతవరకు ఇంగ్లండ్‌కూ మిగతా ఐరోపాకూ మధ్య జరిగిన పోలికే. ఇంగ్లండ్‌లో ఆట వేగం ఎక్కువ, ఒంటికి ఒళ్లు తగిలే ఆట ఎక్కువ, కప్పులు రెండు. ఇవన్నీ ఆ 303 రోజుల్లో కలిసిపోయి ఉంటాయి. విరామం వల్ల లాభం లేదని దీని అర్థం కాదు. 303 రోజుల్లో విరామం వాటా ఎంతో ఈ లెక్క నుంచి తీయలేమని మాత్రమే.

శరీరం వైపు నుంచి చూస్తే విరామానికి అనుకూలంగా చెప్పగలిగేది గట్టిగానే ఉంది. మ్యాచ్‌లో వేగంగా పరుగెత్తి ఒక్కసారిగా ఆగడం వల్ల కండరపు పోగుల్లో సన్నని చీలికలు వస్తాయి. కండరంలో నిలవ ఉండే శక్తి ఖాళీ అవుతుంది. మూడు నాలుగు రోజుల ఎడం ఉంటే రెండూ సర్దుకుంటాయి. ఎడం లేకపోతే ఒక మ్యాచ్ అలసట తర్వాతి మ్యాచ్‌లోకి అప్పులా మోసుకెళ్లాల్సి వస్తుంది. దీనికి ముందుగా దొరికిపోయేది తొడ వెనక కండరం, అంటే హ్యామ్‌స్ట్రింగ్. యూఈఎఫ్‌ఏ సమాచారం ప్రకారం 2001-02లో మొత్తం గాయాల్లో 12 శాతం ఉన్న హ్యామ్‌స్ట్రింగ్ గాయాలు 2021-22కి 24 శాతానికి చేరాయి. నిద్ర, ప్రయాణాలు, టెన్షన్ కూడా ఇందులో కలుస్తాయి. వారం పాటు ఇంటి దగ్గర ఉండటం బరువులెత్తే గదిలో చేసే ఏ కసరత్తుకూ తీసిపోని మందు అని ఆటగాళ్లతో పనిచేసేవాళ్లు చెప్పే మాటలో అతిశయోక్తి తక్కువే.

విరామం ఎంతసేపన్నది కూడా లెక్కలోకి వస్తుంది. పది రోజులో, రెండు వారాలో ఆగితే దమ్ము పెద్దగా తగ్గదు. నెల దాటితే తగ్గుతుంది, అప్పుడు మళ్లీ ప్రీ-సీజన్ లాంటిది చేయాలి. అసలు ప్రమాదం ఆగడంలో కాదు, ఆగినచోటు నుంచి ఒక్కసారిగా పూర్తి వేగానికి వెళ్లడంలో ఉంది. అంతర్జాతీయ ఆటగాళ్ల సంఘం ఫిఫ్‌ప్రో కోరేది సీజన్ మధ్యలో రెండు వారాలు, సీజన్ చివర నాలుగు వారాలు. ఈ రెండింటిలో రెండోదే ముఖ్యమని ఒప్పుకోక తప్పదు. 2024 సెప్టెంబర్‌లో ఆటగాళ్లు సమ్మెకు దగ్గరగా ఉన్నారని మాంచెస్టర్ సిటీ ఆటగాడు రోడ్రి అన్నాడు. కొద్ది రోజులకే ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో అతని మోకాలి లిగమెంట్ తెగింది. సీజన్ మొదలై నెల దాటింది అంతే. డిసెంబర్‌లో ఎన్ని వారాల సెలవు రాసిపెట్టి ఉన్నా సెప్టెంబర్ గాయానికి అది అక్కరకు రాదు.

పది మ్యాచ్‌ల తేడా

ఇంగ్లండ్‌లో ఒక పెద్ద క్లబ్ అన్ని పోటీల్లోనూ చివరిదాకా వెళ్లిందనుకుందాం. లీగ్ 38 మ్యాచ్‌లు. ఎఫ్‌ఏ కప్ 6. ఐరోపాలో ఆడే క్లబ్, ఇంగ్లండ్ రెండో కప్పు అయిన లీగ్ కప్‌లోకి మూడో రౌండ్‌లో వస్తుంది, సెమీఫైనల్ రెండు అంచెలు, కాబట్టి అక్కడా 6. ఐరోపా అగ్ర క్లబ్బుల టోర్నీ చాంపియన్స్ లీగ్‌లో కొత్త పద్ధతి ప్రకారం లీగ్ దశలో 8, ప్లేఆఫ్ కూడా ఆడాల్సి వస్తే మొత్తం 17. కలిపితే 67.

జర్మనీలో అదే కథ: లీగ్ 34, జర్మన్ కప్ 6, చాంపియన్స్ లీగ్ 17. మొత్తం 57.

తేడా పది మ్యాచ్‌లు. వారానికి రెండు చొప్పున ఆడినా ఐదు వారాలు. జర్మనీకి విరామం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కావడానికి ఇంతకంటే వేరే లెక్క అక్కర్లేదు. రెండు జట్లు తక్కువున్న లీగ్, ఒక కప్ తక్కువ. ఇంగ్లండ్ ఆ పది మ్యాచ్‌లూ ఉంచుకుంటూనే విరామం పెట్టాలని చూసింది. ఆ రెండు వారాల్లో జరగాల్సినవి సీజన్‌లో ఇంకెక్కడో వారం మధ్యలో ఇరికాయి. ఫిబ్రవరిలో ఇచ్చిన విశ్రాంతిని ఏప్రిల్‌లో వడ్డీతో వసూలు చేసినట్టు. మ్యాచ్‌ల సంఖ్య తగ్గించకుండా పెట్టే విరామం విశ్రాంతిని సృష్టించదు, అటునుంచి ఇటు జరుపుతుంది.

ఫ్రాన్స్ ఇంకో ఉదాహరణ. 2019-20 తర్వాత లీగ్ కప్‌ను రద్దు చేసింది. 2023-24 నుంచి లీగ్‌ను 20 జట్ల నుంచి 18కి తగ్గించింది. లెక్క ప్రకారం ఫ్రెంచ్ క్లబ్బులు హాయిగా ఉండాలి. పారిస్ సెయింట్ జెర్మేన్ 2024-25 చూడండి: లీగ్ 34, ఫ్రెంచ్ కప్ 6, ఫ్రాన్స్ సూపర్ కప్ 1, చాంపియన్స్ లీగ్ 17, ఆపైన అమెరికాలో క్లబ్ ప్రపంచకప్ 7. మొత్తం 65. క్లబ్ ప్రపంచకప్ ఫైనల్ 2025 జులై 13న. తర్వాతి సీజన్ తొలి అధికారిక మ్యాచ్, యూఈఎఫ్‌ఏ సూపర్ కప్, ఆగస్టు 13న. క్రిస్మస్‌కు రెండు వారాల విశ్రాంతి ఇచ్చి, వేసవి సెలవును నెలకు కుదిస్తే మిగిలేదేమిటన్నది అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. దేశీయ లీగ్ ఖాళీ చేసిన చోటును ఫిఫా, యూఈఎఫ్‌ఏ నింపేస్తున్నాయి.

చాంపియన్స్ లీగ్ కూడా ఇంతే. ఒకప్పుడు గ్రూప్ దశ డిసెంబర్‌లో ముగిసి, ఫిబ్రవరి మధ్య దాకా యూరప్ మ్యాచ్ ఉండేది కాదు. 2024-25 నుంచి 36 జట్ల పద్ధతిలో జనవరిలో రెండు రౌండ్లు వచ్చాయి. విరామానికి సహజంగా ఖాళీగా దొరికే నెల అదొక్కటే.

దొరికిన ఖాళీలో ఏం జరుగుతోంది

విరామం ఉన్నచోట్ల కూడా అది పూర్తిగా ఆటగాళ్ల చేతికి అందదు. స్పెయిన్ తన సూపర్ కప్‌ను నాలుగు జట్ల టోర్నీగా మార్చి 2020 జనవరిలో సౌదీ అరేబియాకు తీసుకెళ్లింది. ఇటలీ 2024 జనవరిలో అదే చేసింది. జర్మన్ క్లబ్బులు చాలాకాలం పాటు ఖతార్, స్పెయిన్ తీరాలకు శిక్షణ శిబిరాలకు వెళ్లేవి. ఎండలో సాధన బాగుంటుంది, స్పాన్సర్లకు ఫొటోలూ దొరుకుతాయి. ఖాళీ వారం కనిపిస్తే దానికి ధర కట్టేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. 2019 మేలో చెల్సీ, ఐరోపా రెండో స్థాయి టోర్నీ యూరోపా లీగ్ ఫైనల్‌కు రెండు వారాల ముందు, ఫ్రెండ్లీ మ్యాచ్ కోసం అమెరికా వెళ్లింది. అందులో రూబెన్ లాఫ్టస్-చీక్ మడమ వెనక స్నాయువు తెగి నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. విరామం అంటే మ్యాచ్ లేకపోవడమే కాదు, ప్రయాణాలు, ఫ్రెండ్లీలు కూడా లేకపోవడమని నిబంధనల్లో రాయకపోతే దాన్ని కాపాడటం కష్టం.

కోచ్‌లకు మాత్రం ఇది నిజంగా ఉపయోగమే. జనవరి ట్రాన్స్‌ఫర్ విండోలో వచ్చిన ఆటగాడిని కలుపుకోవడానికి, శరదృతువులో పగ్గాలు తీసుకున్న కొత్త కోచ్‌కి తన పద్ధతి నేర్పడానికి పది రోజులు చాలా విలువైనవి.

ఆఫ్రికా జాతీయ జట్ల టోర్నీ ఆఫ్రికా కప్ విషయంలోనూ తేడా కనిపిస్తుంది. మొరాకోలో జరిగిన టోర్నీ 2025 డిసెంబర్ 21న మొదలై జనవరి 18న ముగిసింది. జర్మనీ ఆగి ఉన్న రోజులు గ్రూప్ దశను దాదాపు కప్పేశాయి. ఇంగ్లండ్ క్లబ్బులేమో అదే సమయంలో తమ రద్దీ వారాల్లో ఆఫ్రికా ఆటగాళ్లు లేకుండా గడిపాయి.

జాతీయ జట్ల వాదన

విరామం లేకే ఇంగ్లండ్ ఆటగాళ్లు వేసవి టోర్నీలకు డీలాపడి వస్తున్నారన్నది పాత మాట. ఆధారం బలహీనం. 2018 ప్రపంచకప్‌లో విరామం లేని ఇంగ్లండ్ సెమీఫైనల్ చేరింది, ఐరోపాలో పేరున్న విరామం గల జర్మనీ గ్రూప్ దశలోనే ఇంటికెళ్లింది. కప్ గెలిచిన ఫ్రాన్స్ జట్టులో కెప్టెన్ లోరిస్, కాంటే, పోగ్బా, జిరూ ఆ సీజనంతా ప్రీమియర్ లీగ్‌లోనే ఆడారు. 2018-19లో, అంటే విరామం రాకముందు చివరి సీజన్‌లో, చాంపియన్స్ లీగ్, యూరోపా లీగ్ ఫైనల్స్ రెండింటిలోనూ నాలుగు జట్లూ ఇంగ్లండ్‌వే. విరామం ఇస్తే కప్పులు వస్తాయన్న వాగ్దానం మీద ఈ చర్చను నడపకపోవడమే మంచిది.

ఎవరు వదులుకోవాలి

అన్ని దారులూ చివరికి ఒక్క ప్రశ్న దగ్గరకే వస్తాయి: తగ్గించాల్సిన మ్యాచ్‌లు ఎవరివి? లీగ్ కప్ రద్దు చేస్తే ఈఎఫ్‌ఎల్ ఆదాయానికి దెబ్బ. చాంపియన్స్ లీగ్ తగ్గించడానికి యూఈఎఫ్‌ఏ ఒప్పుకోదు. క్లబ్ ప్రపంచకప్ ఫిఫా సొంతం. దానిమీదా, మొత్తం అంతర్జాతీయ క్యాలెండర్ మీదా ఆటగాళ్ల సంఘాలు, ఐరోపా లీగులు 2024 అక్టోబర్‌లో యూరోపియన్ కమిషన్‌కు ఫిర్యాదు చేశాయి. క్రిస్మస్ మ్యాచ్‌లు ఆపేస్తే, సెలవుల్లో పిల్లలతో కలిసి వచ్చే ప్రేక్షకుల మీద ఆధారపడిన చిన్న క్లబ్బులకు ఏడాది మొత్తంలోకీ మంచి గేటు వసూళ్లు పోతాయి. టీవీ వాళ్లకైతే మిగతా ఐరోపా చాలావరకు ఆగి ఉన్న ఆ పది రోజులు పోటీ లేని బజారు.

విశ్రాంతికి ఇంకో దారి, మార్చుకునే ఆటగాళ్ల సంఖ్య పెంచడం. కరోనా సమయంలో మూడు నుంచి ఐదుకు పెంచిన ఆ వెసులుబాటును 2020-21లో మిగతా పెద్ద లీగులు కొనసాగించాయి, ప్రీమియర్ లీగ్ మాత్రం తీసేసింది. పెద్ద బెంచీ ఉన్న ధనిక క్లబ్బులకే లాభమని చిన్న క్లబ్బులు ఓటు వేయలేదు. 2022-23లో గానీ అక్కడ అది తిరిగి రాలేదు. ఆటగాళ్ల ఆరోగ్యం పేరుతో వచ్చే ఏ ప్రతిపాదనైనా క్లబ్ స్థాయిని బట్టి ఒకరికి వరం, ఇంకొకరికి భారం అవుతోంది.

ఈ చీలిక ఇటలీలో అంకెల రూపంలోనే కనిపించింది. అక్కడి అగ్రశ్రేణి లీగ్ సెరీ ఎ ని 20 జట్ల నుంచి 18కి తగ్గిద్దామన్న ఆలోచన మీద 2024 ఫిబ్రవరిలో క్లబ్బులు ఓటు వేశాయి. యువెంటస్, ఇంటర్, మిలాన్, రోమా కావాలన్నాయి. మిగతా 16 వద్దన్నాయి. ఐరోపాలో ఏటా పదిహేను పైచిలుకు మ్యాచ్‌లు ఆడే క్లబ్‌కు నాలుగు లీగ్ మ్యాచ్‌లు తగ్గడమంటే ఊపిరి పీల్చుకోవడం. పట్టిక అడుగున ఉన్న క్లబ్‌కు తగ్గే ఆ రెండు స్థానాల్లో ఒకటి తనదే కావచ్చు.